ఇందూరు–బోధన్ పల్లెదారులు: కాలువల వెంట సైకిల్ మార్గాలు

నిజామాబాద్ (ఇందూరు) జిల్లా పడమటి అంచున మంజీర ఉత్తరానికి పారి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు నదుల మూలలో, మంజీరకు తూర్పున, గోదావరికి దక్షిణాన పరుచుకున్న మాగాణి సీమలో నవీపేట్, రెంజల్, ఎడపల్లి, బోధన్, సాలూర, కోటగిరి, రుద్రూర్, వర్ని మండలాలున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లకు మించని దూరం, దాదాపు సమతలమైన నేల, ఒక లారీ మాత్రమే పట్టే తారు రోడ్లు, పక్కనే కాలువ. దూరపు సైకిల్ ప్రయాణాలు చేసేవారికి తెలంగాణలో ఇంత అనుకూలమైన పల్లె రోడ్ల అల్లిక తక్కువ చోట్ల దొరుకుతుంది. సైకిల్ మార్గమని ప్రకటించి, బోర్డులు నాటి, నంబర్లు వేసిన దారి ఏదీ ఇక్కడ లేదు. ఈ వ్యాసంలో మార్గాలని చెప్పేవన్నీ ఊళ్ళ జనం రోజూ తిరిగే మామూలు రోడ్లే.

ఈ రోడ్ల స్వభావం తెలియాలంటే నీళ్ళ నుంచి మొదలుపెట్టాలి. దారులను ఇక్కడ గీసింది ఇంజనీరే, కానీ రోడ్ల ఇంజనీరు కాదు.

నీరు గీసిన పటం

మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. నిర్మాణ బాధ్యత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. జలాశయంలో మొదట 29.72 టీఎంసీల నీరు పట్టేది. పూడిక చేరి ఇప్పుడది 17.8 టీఎంసీలకు తగ్గింది. 2016 జిల్లాల విభజనలో ఆనకట్ట కామారెడ్డి జిల్లాకు వెళ్ళింది కానీ, దాని ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల మీదుగా నిజామాబాద్ వైపు సాగుతుంది.

సైకిల్ తొక్కేవాడికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ప్రధాన కాలువ ఆయకట్టుకు తూర్పున ఎత్తు నేలను పట్టుకొని నడుస్తుంది. దాన్నుంచి చీలిన డిస్ట్రిబ్యూటరీలు పడమరకు, ఉత్తరానికి, నదుల వైపు దిగుతాయి. కాలువలో నీరు పారాలంటే వాలు ఉండాలి, ఆ వాలు మెల్లగా ఉండాలి. కాలువ గట్టు వెంట పడ్డ బండిబాట తర్వాతి కాలంలో మొరం రోడ్డయి, ఆపై తారు రోడ్డయింది. అందుకే నదివైపు పోయే రోడ్డు మీద సైకిల్ తనంతట తాను పోతున్నట్టుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుతున్నామని కంటికి తెలియదు, కాళ్ళకు తెలుస్తుంది. ఈ డిస్ట్రిబ్యూటరీలకు పేర్లు లేవు, డి-28 వంటి నంబర్లే ఉన్నాయి. రైతులు దారి చెప్పేటప్పుడు కూడా ఆ నంబర్లే చెబుతారు కాబట్టి కొత్తవారు వాటికి అలవాటు పడక తప్పదు.

కాలువ చివరి భూములకు నీరందని కొరత తొలినుంచీ ఉంది. దాన్ని తీర్చడానికి నవీపేట్ మండలం కోస్లి దగ్గర గోదావరి నుంచి నీటిని తోడే అలీసాగర్ ఎత్తిపోతల పథకం వచ్చింది. ఎగువ నుంచి కాలువ నీరు, దిగువ నుంచి నది నీరు వచ్చి కలిసే ఊళ్ళు నవీపేట్ చుట్టుపక్కలవి. యాసంగిలో కూడా ఇక్కడ పచ్చదనం తగ్గకపోవడానికి కారణం ఇదే.

చెరకు బండ్ల బాటలు

నీటి తర్వాత ఈ రోడ్లను నిలబెట్టింది చక్కెర. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది, మరుసటి ఏడాదికి ఉత్పత్తి మొదలైంది. ఒకప్పుడు ఆసియాలో అతి పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ అది. దాని కోసం శక్కర్‌నగర్ అనే కాలనీయే వెలిసింది. వేల ఎకరాల సొంత చెరకు ఫారాలుండేవి. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు దారి మీది జానకంపేట నుంచి బోధన్‌కు ఒక రైలు కొమ్మ వచ్చింది.

రైలుకంటే ఎడ్లబండే ఎక్కువ చెరకు మోసింది. నరికిన చెరకు ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. కాబట్టి చేనుకూ ఫ్యాక్టరీ గేటుకూ మధ్య వానాకాలం తర్వాత కూడా బండి నడిచే రోడ్డుండాలి. ఎడపల్లి నుంచి, సాలూర నుంచి, రుద్రూర్ నుంచి, రెంజల్ నుంచి బోధన్‌కు దారులు చక్రపు ఆకుల్లా వచ్చి చేరడానికి ఇదే కారణం. క్రషింగ్ రోజుల్లో రాత్రంతా బండ్ల వరస, ఎడ్ల మెడగంటలు, బండి కింద ఊగే కందిలి. వెనక నుంచి చెరకుగడ లాక్కొని పరుగెత్తే బడిపిల్లలు, ముందు నుంచి తిట్టే బండివాడు. బోధన్ ప్రాంతంలో నడివయసు దాటిన ఎవరిని అడిగినా ఈ గడలు లాగిన కథ చెబుతారు. లాగలేదని చెప్పేవారిని నమ్మనక్కర లేదు.

2002లో కర్మాగారంలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. ఈ మధ్యలో చెరకు తగ్గి వరి పెరిగింది. సోయా, మక్కలు, పసుపు సాగవుతున్నాయి. చెరకు బండ్లు పోయాక ఈ చిన్న రోడ్ల మీద బరువు తగ్గింది. సైకిల్ వాళ్ళు ఇష్టపడే ఈ ప్రశాంతతలో కొంత భాగం కార్మికుల జీతాలు ఆగిపోవడం వల్ల వచ్చినదని మరవకూడదు.

ఊళ్ళ రూపాన్ని మార్చింది కూడా నీరే. 1930లలో నిజాంసాగర్ నీరు పారగానే కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఆయకట్టులో భూములు కొన్నాయి. వారు దిగిన చోట్లకు క్యాంపులని పేరు పడింది. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూర్ దారుల్లో పాత ఊరి పక్కనే అదే పేరుతోనో, మరో పేరుతోనో ఒక క్యాంపు కనిపిస్తుంది. సైకిల్ మీద పోయేవాడికి తేడా వెంటనే తెలుస్తుంది. పాత ఊరిలో సందులు మెలికలు తిరిగి, గడీ చుట్టో గుడి చుట్టో అల్లుకొని ఉంటాయి. క్యాంపులో వీధులు సూటిగా, ఇంటి ముందు కళ్ళం వెడల్పుగా ఉంటాయి. పాత ఊరి హోటల్‌లో జొన్నరొట్టె అడగవచ్చు, క్యాంపులో పొద్దున పూట ఇడ్లీ, పెసరట్టు దొరుకుతాయి. సైకిల్ యాత్రికుడు రెండు చోట్లా ఆగాలి.

సైకిల్ ముందు నుంచీ ఉన్నదే

ఖరీదైన రోడ్ సైకిళ్ళు వచ్చాకే ఇక్కడ సైక్లింగ్ పుట్టిందనుకోవడం పొరపాటు. పాలవాళ్ళు, గీత కార్మికులు, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే కార్మికులు, కాలువ గేట్లు చూసే లస్కర్లు ఈ దారులన్నీ ఎప్పుడో తొక్కేశారు. ఊరి చౌరస్తాలో సైకిల్ టాక్సీ దుకాణం ఉండేది. గంటకింతని కిరాయి, పలక మీద పేరు, తీసుకుపోయిన వేళ. పిల్లల సైజు సైకిల్ దొరకనప్పుడు పెద్ద సైకిల్‌నే కైంచి కొట్టేవారు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చంక సీటు మీద, కుడి కాలు దండి కింది నుంచి అవతలి పైడల్ మీద, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి సగం చుట్టు ముందుకు, సగం చుట్టు వెనక్కు తొక్కడమే కైంచి. ఆ వంకర భంగిమలోనే రెండు మూడు ఊళ్ళు దాటి బడికి పోయినవారున్నారు.

టాక్సీ దుకాణాలు మోపెడ్లు, మోటార్ సైకిళ్ళ దెబ్బకు మూతపడ్డాయి. పంక్చర్ దుకాణాలు మాత్రం మిగిలాయి. అవి ఇప్పుడు ట్రాక్టర్ టైర్ల మీద బతుకుతున్నాయి. సన్నటి వాల్వ్ ఉన్న రోడ్ సైకిల్ ట్యూబుకు అక్కడ గాలి కొట్టడం కుదరదు. ఈ సీమలో తిరిగేవారు సొంత పంపు దగ్గర పెట్టుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు కాలువ గట్ల మీద విరివిగా పడి ఉంటుంది, మందపు టైరులోకి కూడా దిగబడుతుంది. 28 మిల్లీమీటర్ల కంటే సన్న టైరుతో ఇటు రాకపోవడమే మంచిది, 32 అయితే ఇంకా మేలు.

నవీపేట్ నుంచి గోదావరికి

నిజామాబాద్ నుంచి వాయవ్యంగా బాసరకు పోయే రోడ్డు దాదాపు 35 కి.మీ. నవీపేట్ ఆ దారికి ఇంచుమించు నడిమధ్య ఉంది. రోడ్డుకు తోడుగా రైలు దారి నడుస్తుంది. నిజామాబాద్ దాటాక జానకంపేట, నవీపేట్, ఫకీరాబాద్, బాసర స్టేషన్లు.

మొదటి ఆగుబాటు అలీసాగర్. 1930 ప్రాంతంలో నిజాం హయాంలో కట్టిన ఈ జలాశయం బాసర రోడ్డుకు రెండు కిలోమీటర్ల పక్కన, గుట్టల మధ్య ఉంది. తోట, జింకల పార్కు, పాత విడిదిల్లు ఉన్నాయి. పట్నం వాళ్ళు ఆదివారం పూట కార్లలో వచ్చే చోటు కాబట్టి సైకిల్ వాళ్ళు తెల్లవారగానే చూసి బయటపడాలి. జానకంపేట అంతకంటే ఆసక్తికరమైన ఊరు. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి శీలం జానకీబాయి పేరు మీద వెలసిందని జనం చెబుతారు. లక్ష్మీనరసింహస్వామి గుడి, అష్టముఖి కోనేరు ఇక్కడివి. కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుంటే దారిలో పట్టిన ఎండ దిగిపోతుంది.

నవీపేట్ మేకల అంగడికి పేరుపడ్డ ఊరు. శనివారం నాడు ఇక్కడికి చుట్టుపక్కల జిల్లాల నుంచే కాదు, మహారాష్ట్ర నుంచి కూడా మేకలు, గొర్రెలు వస్తాయి. ఆటోల్లో, ట్రాలీల్లో, కొన్ని మోటార్ సైకిళ్ళ మీద ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకొని తెస్తారు. కొనేవాడు మేక నడుము మీద చెయ్యి వేసి నొక్కి మాంసం అంచనా కడతాడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. బేరం తెగేదాకా తాడు ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా బేరంలో భాగమే. చూడదగ్గ అంగడి. ఆ రోజు సైకిల్ మీద ఊరు దాటాలంటే మాత్రం దిగి నడిపించుకోవలసిందే.

నవీపేట్ దాటాక నేల ఉత్తరానికి దిగుతుంది. మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు యంచ. అక్కడి నుంచి వంతెన దాటితే బాసర, ఇప్పుడది నిర్మల్ జిల్లా. జ్ఞాన సరస్వతి ఆలయం, వసంత పంచమి నాటి అక్షరాభ్యాసాలు తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర లేదు. 2008లో మొదలైన విశ్వవిద్యాలయం ఆర్‌జీయూకేటీ కూడా ఇక్కడే ఉంది. వంతెన మీద నుంచి కనిపించే నీరు శ్రీరాంసాగర్ వెనుక నీరు. పోచంపాడు దగ్గర 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ జలాశయం పూర్తిమట్టం 1,091 అడుగులు. నిండినప్పుడు యంచ దాకా కడలిలా ఉంటుంది. మే నెలలో అదే చోట గడ్డి మొలిచి పశువులు మేస్తుంటాయి.

ఆ ఎండిన మైదానాన్ని తూర్పువైపు నుంచి చూడాలంటే నందిపేట్ మండలం ఉమ్మెడ దారి పట్టాలి. అక్కడ నది ఒడ్డున కాలభైరవ ఆలయం ఉంది. నీరు తగ్గాక తేలిన గడ్డిభూముల్లో కృష్ణజింకలు గుంపులుగా తిరుగుతాయి, చలికాలం వలస పక్షులు దిగుతాయి. మోటారు చప్పుడు లేకుండా వెళ్ళే సైకిల్‌కు జింకలు కారుకు కనబడేదానికంటే దగ్గరగా కనబడతాయి. రోడ్డు దిగి గడ్డిలోకి సైకిల్ తోలకూడదు.

కందకుర్తి దారి

ఈ సీమలో అన్నిటికంటే మంచి సైకిల్ దారి ఏదంటే నవీపేట్ నుంచి సాటాపూర్, రెంజల్ మీదుగా కందకుర్తి పోయేదే. వాహనాలు తక్కువ. వరి మడులు, పసుపు చేలు, మధ్యమధ్య చింతచెట్లు. ఊరూరా చిన్న నీళ్ళ ప్లాంటు, దాని ముందు నీళ్ళ డబ్బాల వరస. బాటిల్ నింపుకుంటామంటే చాలాచోట్ల పైసలు తీసుకోరు.

కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి కాబట్టి త్రివేణి సంగమమంటారు. నది గర్భంలో నల్లరాతి పాత శివాలయం ఉంది. వరద కాలంలో అది నీట మునుగుతుంది, వేసవిలో ఇసుక మీద నడిచి గుడి గడప దాకా పోవచ్చు. సంగమానికి అవతల మహారాష్ట్ర. వంతెన దాటి ధర్మాబాద్ వైపు పోయే రోడ్డు మీద బోర్డులు మరాఠీలోకి మారతాయి, మాట అంతకు ముందే మారుతుంది. ఊళ్ళో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘాన్ని 1925లో స్థాపించిన కేశవ బలిరాం హెడ్గేవార్ పూర్వీకులది ఈ ఊరే. ఆయన పుట్టింది నాగపూర్‌లో, 1889లో. ఇక్కడ ఆయన స్మారక మందిరం ఉంది.

సంగమంలో నీళ్ళుంటాయా లేదా అన్నది పైన ఉన్న బాబ్లీ మీద ఆధారపడుతుంది. ధర్మాబాద్ సమీపంలో మహారాష్ట్ర కట్టిన ఈ బ్యారేజీ గేట్లను జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలని సుప్రీంకోర్టు 2013 తీర్పు. మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. సంగమంలో పారే నీరు చూడాలనుకునే వారు వానాకాలం చివర, గేట్లు దించే లోపు రావాలి. గుడిని దగ్గరగా చూడాలనుకునే వారు వేసవి మొదట్లో రావాలి. రెండూ ఒక్క ప్రయాణంలో కుదరవు. గోదావరి పుష్కరాలప్పుడు, అంటే మళ్ళీ 2027లో, ఈ దారిలో సైకిల్ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

బోధన్, మంజీర ఒడ్డు

నిజామాబాద్ నుంచి బోధన్‌కు 25 కి.మీ. చిల్లర. ఎడపల్లి మీదుగా పోయే ఈ రోడ్డు 63వ నంబరు జాతీయ రహదారి. లారీల తాకిడి ఎక్కువ కాబట్టి సైకిల్‌కు ఇది దారి కాదు, దాటవలసిన అడ్డంకి. నవీపేట్ వైపు నుంచి ఊళ్ళ మీదుగా బోధన్ చేరడమే తెలివైన పని.

బోధన్ చాలా పాత పట్టణం. పూర్వపు అశ్మక రాజధాని పోదనం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. జైన కథల్లో బాహుబలి ఏలిన పౌదనపురం ఇదేనని నమ్మిక. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం కూడా ఇదేనని ఊరివారంటారు. వేములవాడ చాళుక్యుల తొలి చరిత్రకూ ఈ ఊరికీ సంబంధం ఉంది. ఇన్ని కాలాలు ఒకచోట కనిపించే కట్టడం దేవల్ మసీదు. నక్షత్రాకారపు పునాది మీద నిలిచిన రాతి ఆలయం తుగ్లక్ కాలంలో మసీదుగా మారింది. శిఖరం ఉండవలసిన చోట చిన్న చిన్న గుమ్మటాలున్నాయి. స్తంభాల మీద జైన తీర్థంకరుల శిల్పాలు కనిపిస్తాయి. దాన్ని నిర్మించింది రాష్ట్రకూట రాజు మూడవ ఇంద్రుడని స్థానిక చరిత్ర చెబుతుంది. కట్టడం మీద వివాదమూ ఉంది. చూడటానికి వెళ్ళినవారు చూసి రావడం మేలు, తీర్పు చెప్పబోతే సైకిల్ ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

బోధన్ నుంచి పడమరకు పోతే సాలూర, మంజీర, ఆవల మహారాష్ట్రలోని బిలోలి. ఈ ఒడ్డు ఊళ్ళన్నిటిలో దూరదూరాలకు పేరు పోయినది హున్సా. హోలీ నాటి సాయంత్రం ఇక్కడ పిడిగుద్దులాట జరుగుతుంది. ఊరి నడుమ తాడు కట్టి, అటు కొందరు ఇటు కొందరు నిలబడి పిడికిళ్ళతో గుద్దుకుంటారు. ఆట ముగిశాక కౌగిలించుకొని, దెబ్బలకు కామదహనం బూడిద రాసుకొని ఇళ్ళకు పోతారు. ఆపితే ఊరికి కీడని నమ్మకం. పోలీసులు వద్దన్నా ఆట ఆగిన సందర్భాలు అరుదు. హోలీ ఒక్కరోజు తప్ప హున్సా ఎంతో నిమ్మళమైన ఊరు. మంజీర ఒడ్డుకు దిగే బాట బాగుంటుంది.

ఇసుక మాత్రం ఈ ఒడ్డున పెద్ద బెడద. మంజీర ఇసుకకు గిరాకీ ఎక్కువ, కోటగిరి వైపు దారుల్లో టిప్పర్లు, ట్రాక్టర్లు తిరుగుతాయి. మలుపుల దగ్గర రాలిన సన్న ఇసుక మీద సన్న టైరు జారుతుంది. పగటిపూట కళ్ళ ముందు ఉండే ప్రమాదం ఇది, చీకట్లో కనిపించదు.

బోధన్‌కు దక్షిణాన రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. నిజాంసాగర్ ఆయకట్టు మొదలైన రోజుల నుంచి అది పనిచేస్తోంది. అక్కడి నుంచి వర్ని, ఆపై గుట్టల్లోకి పోతే జలాల్‌పూర్ దగ్గర బడాపహాడ్. సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉన్న ఈ గుట్టకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. గుట్ట కింద మొక్కు కోళ్ళు, మేకలు, వంటపొయ్యిలు. ఈ సీమలో ఎత్తు ఎక్కే సరదా ఉన్నవారికి ఉన్న ఒకే ఒక్క మంచి దారి ఇదే. మిగతా చోట్ల ఎత్తు అంటే వంతెన మొదలూ, కాలువ గట్టూ మాత్రమే.

నిజామాబాద్‌కు ఆగ్నేయాన 15 కి.మీ. దూరంలోని డిచ్‌పల్లి ఈ నీటిపటంలో లేదు కానీ, గుట్ట మీది రామాలయం కోసం చాలామంది వెళతారు. నూటికి పైగా మెట్లు, ఆపైన అసంపూర్ణంగా ఆగిన శిల్ప సంపద. ఇందూరు ఖజురహో అని పేరు. స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆస్పత్రిని నడిపిన ఊరు కూడా ఇదే. 44వ నంబరు జాతీయ రహదారి దగ్గర కావడంతో సైకిల్ మీద చేరడం సుఖమైన పని కాదు.

వడ్లు, రేగడి, ఎండ

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పొద్దున మంచు పడుతుంది, ఎనిమిదింటికి విచ్చుకుంటుంది. ఈశాన్య గాలి కాబట్టి పొద్దున పడమరకు పోవడం తేలిక, తిరుగు ప్రయాణం బరువు. ఏప్రిల్ దాటాక పగలు తొక్కడం తగదు, మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి.

వానాకాలం ఇంకో కష్టం. తారు రోడ్డు మీద ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. నల్లరేగడి బాట మీద కాలు పెట్టామంటే టైరుకు మట్టి పూతలా అంటుకుంటుంది, ఇంకో పూత, మరో పూత, చివరికి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు నిండి చక్రం ఆగిపోతుంది. పుల్లతో గీకి తీస్తే పది గజాలు పోవచ్చు. అప్పుడు సైకిల్ భుజాన పెట్టుకోవడమే దారి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది కోతల కాలంలో. వానాకాలం పంట అక్టోబరు, నవంబరుల్లో, యాసంగి ఏప్రిల్, మేల్లో కోతకొస్తుంది. కళ్ళాలు చాలక వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లది, మిగతా సగం అందరిది. అంచున వరసగా రాళ్ళు పేరుస్తారు. ఆడవాళ్ళు వడ్లలో వరసగా కాళ్ళీడ్చుకుంటూ నడిచి చాళ్ళు తీస్తారు, కింది తడి పైకి రావాలని. సాయంత్రం కుప్పచేసి నల్ల పట్టా కప్పుతారు, పట్టా ఎగరకుండా మళ్ళీ రాళ్ళు. ఆ నల్లకుప్ప, ఆ రాళ్ళు రాత్రి లైటు లేని సైకిల్‌కు కనిపించవు. మోటార్ సైకిల్ మీద వచ్చి వాటిని గుద్దుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఏటా ఉంటున్నారు. ఇది రైతు తప్పని తేల్చేయడం తేలిక. ఆరబెట్టే చోటు లేకుండా తేమశాతం చూసి కొనే పద్ధతి ఉన్నంత కాలం రోడ్డే కళ్ళమవుతుంది. ఆ నెలల్లో సైకిల్ మీద వచ్చేవారు సూర్యాస్తమయానికి ముందే గమ్యం చేరాలి, వడ్ల మీద టైరు పోనివ్వకూడదు.

బయటి ప్రపంచంలో

పల్లె రోడ్లను సైకిల్ మార్గాలుగా మలచుకోవడంలో స్పెయిన్ దూరం పోయింది. వాడుకలో లేని రైలు దారులను పచ్చదారులుగా మార్చే పని అక్కడ 1993లో మొదలై, ఇప్పుడు అవి మూడు వేల కిలోమీటర్లు దాటాయి. శాంటియాగో యాత్రా మార్గంలో సైకిల్ మీద పోయేవారికి చివరి 200 కి.మీ. తొక్కితే యాత్రా పత్రం ఇస్తారు. సైకిల్‌ను దాటే వాహనం మీటరున్నర ఎడం పాటించాలని చట్టం ఉంది. ఇక్కడ ఆ ఎడం ఎంతన్నది హారన్ తేలుస్తుంది.

గడువులోగా దూరం పూర్తిచేసే బ్రెవే ప్రయాణాలు ఫ్రాన్స్‌లో పుట్టాయి. 200 కి.మీ.లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు, 600కు నలభై గంటలు గడువు. నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ 1,200 కి.మీ. ప్రయాణానికి మన దేశం నుంచీ సైకిల్ వీరులు వెళుతున్నారు. హైదరాబాద్‌లోనూ ఈ బ్రెవేలు నడిపే సంఘం ఉంది. నగరంలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు ఉన్న 23 కి.మీ. సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. బాగుంది. కానీ ఒక సంగతి ఆలోచించాలి. నిజాంసాగర్ డిస్ట్రిబ్యూటరీల గట్లను చదును చేసి, తుమ్మ కొట్టి, ఊరి పేర్లతో బోర్డులు పెట్టడానికి అంత ఖర్చు కాదు. గట్టు బాగుంటే ముందు బాగుపడేది రైతు, తర్వాతే సైకిల్ వాడు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారు సైకిల్‌ను స్టేషన్ పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి నిజామాబాద్‌లో దించుకోవచ్చు. దింపాక ఖిల్లా గుట్ట వైపు ఒకసారి పోయి రావడం మంచిది. 1948లో నిజాం ప్రభుత్వం కవి దాశరథి కృష్ణమాచార్యను, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామిని బంధించిన జైలు ఆ గుట్ట మీదిదే. గోడ మీద బొగ్గుతో దాశరథి పద్యాలు రాసిన చోటది.

ఒక్క రోజే చేతిలో ఉంటే బాసర రోడ్డు విడిచిపెట్టి, శనివారం కాని రోజు చూసుకొని, నవీపేట్ నుంచి కందకుర్తి, అక్కడి నుంచి బోధన్, ఎడపల్లి పక్క ఊళ్ళ మీదుగా తిరిగి నవీపేట్ చేరండి. రెండు ట్యూబులు, పంపు, వెనక ఎర్రలైటు తప్పనిసరి. డిసెంబరులోనైతే తెల్లవారి ఆరున్నరకు బయలుదేరినా సరిపోతుంది.